రేడియోకి చెప్పని ప్రయాణం

ప్రెస్సులో అతన్ని అసలు పేరుతో పిలిచేది జీతాల గుమాస్తా ఒక్కడే. మిగతా అందరికీ అతను ఎర్రసిరా. చొక్కా జేబు దగ్గర ఎప్పుడూ ఒక ఎర్రమరక ఉండేది. భార్య ఎంత ఉతికినా అది పోయేది కాదు, ఎప్పుడైనా పోతే ఆ రోజే కొత్తది పడేది. అచ్చుతప్పులు దిద్దడం అతని పని. అదే బల్లకి అటువైపు, అతనికి ఎదురుగా, ముప్ఫై ఏళ్ళకి రెండేళ్ళు తక్కువగా కూర్చున్న మనిషిని అందరూ రేడియో అనేవాళ్ళు. రాతప్రతి చేత్తో పట్టుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా పైకి చదవడం రేడియో పని. కామా దగ్గర కామా అని, పేరా మారితే కొత్త పేరా అని, అక్షరం పొల్లు పోకుండా చదివేవాడు. అది వింటూ అచ్చుకాగితం మీద ఎర్రసిరా వేలు నడిచేది. తప్పు దొరికితే "ఆగు" అనేవాడు. రేడియో ఆగేవాడు.

వాళ్ళ గది మిషన్ల హాలు వెనక, మెట్ల కింద ఇరికించినట్టుండేది. మిషన్లు తిరుగుతున్నంతసేపూ కిటికీ అద్దం వణికేది, గ్లాసుల్లో టీ కూడా వణికేది. ఆ గదిలో వాళ్ళు వంటల పుస్తకాలు చదివారు, చట్టాల పుస్తకాలు చదివారు, ఆవులకొచ్చే జబ్బుల గురించి ఆరువందల పేజీలు చదివారు. ఇంటికెళ్ళాక అందులో ఒక్క ముక్క గుర్తుండేది కాదు. గుర్తుండిపోయింది ఒకటే పుస్తకం. ఎవరో ఒక పెద్దాయన తెరచాప పడవలో నది పొడవునా చేసిన ప్రయాణం గురించి రాసుకున్నది.

ఒక మధ్యాహ్నం రేడియో ఆ పుస్తకం చదువుతూ చదువుతూ, ఎవరూ ఆగమనకుండానే ఆగిపోయాడు.

"ఏంట్రా, పేజీ అయిపోయిందా?" అన్నాడు ఎర్రసిరా.

"లేదు. తెరచాపలో గాలి నిండగానే చప్పుళ్ళన్నీ ఆగిపోతాయట. పడవ కదులుతున్నట్టే తెలియదట."

"రాసుకోడానికేముంది. తర్వాతది చదువు."

"ఒరేయ్, మనమిద్దరం వెళ్దాంరా."

"ఎప్పుడు?"

రేడియో ఆలోచించాడు. ఇద్దరూ ఒకేసారి సెలవు పెడితే ప్రెస్సు పడకేస్తుంది. ఒకడు చదవకపోతే రెండోవాడు దిద్దేదేమీ ఉండదు. "రిటైరయ్యాక," అన్నాడు. "కొత్త పేరా," అని మళ్ళీ చదవడం మొదలుపెట్టాడు.

ఆనాటి నుంచి పాతికేళ్ళు వాళ్ళు ఆ ప్రయాణం గురించే మాట్లాడుకున్నారు. ఏ నెలలో వెళ్ళాలి, ఎన్ని చొక్కాలు పెట్టుకోవాలి, పడవవాడు పాడితే భరించాలా, ఆపమనాలా అన్నీ టీ గ్లాసుల మీద తేల్చేసుకున్నారు. ఇద్దరి భార్యలకీ వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి. "మీ ఇద్దరి పెళ్ళికి మేమెందుకు, మీరే వెళ్ళిరండి" అనేది ఎర్రసిరా భార్య. నీళ్ళంటే ఆమెకి బక్కెట్లో ఉన్నా భయమే.

ఇద్దరూ ఒకే ఏడాది, రెండు నెలల తేడాలో రిటైరయ్యారు. రేడియో కూడా బయటికొచ్చిన మర్నాడే ఎర్రసిరా అతన్ని వెంటబెట్టుకుని పడవల ఆఫీసుకి వెళ్ళాడు. రేవు వీధిలో అది ఒకటే గది. గోడకి రెండు పెద్ద బొమ్మలు అంటించి ఉన్నాయి. ఒకదాన్లో మూడంతస్తుల తెల్లటి మోటారు ఓడ, రెండోదాన్లో గోధుమరంగు తెరచాప ఎత్తిన చెక్కపడవ. బల్ల వెనకున్నావిడ జడ ముందుకేసుకుని రిజిస్టరు తిరగేస్తోంది. కుర్చీలన్నీ నిండి ఉన్నాయి.

"తెరచాప పడవకి రెండు రాయండమ్మా," అన్నాడు ఎర్రసిరా, ఆ మాట పాతికేళ్ళుగా నోట్లోనే దాచుకున్నట్టు.

రేడియో పక్క నుంచి మెల్లగా అడిగాడు: "అందులో గదులుంటాయాండీ?"

"గదులుండవు సార్. తెరచాప కింద పక్కలేస్తారు. వెనకవైపు గుడ్డ కట్టిన చాటు ఒకటుంటుంది. పొద్దునా సాయంత్రం ఒడ్డుకి ఆపుతారు."

"మోటారు ఓడలో?"

"ఓడలో ప్రతి గదికీ బాత్రూమ్ ఉంటుంది. నాలుగు రోజుల్లో దింపేస్తుంది. పడవకి ఏడు రోజులు, గాలిని బట్టి."

రేడియో ఓడ బొమ్మ వైపు చూశాడు. "గదిలోపలే ఉంటుందా అండీ బాత్రూమ్?"

ఎర్రసిరా పకపకా నవ్వాడు. "చూశారా అమ్మా! పాతికేళ్ళు తెరచాప తెరచాప అని నా ప్రాణం తోడేసినవాడు, ఇక్కడికొచ్చి బాత్రూమ్ గురించి ఆరా తీస్తున్నాడు. ఒరేయ్, బాత్రూమ్ చూడ్డానికి నది దాకా ఎందుకురా? ఇంట్లోనే గొళ్ళెం పెట్టుకు కూర్చో, నాలుగు రోజులేం ఖర్మ, నలభై రోజులు చూడొచ్చు!"

కుర్చీల్లో వాళ్ళంతా నవ్వారు. బల్ల వెనకావిడ కూడా నవ్వు ఆపుకోలేక రిజిస్టరులో తలదూర్చింది. రేడియో నవ్వలేదు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"నాకు ఓడకే రాయండి," అన్నాడు.

"ఏంట్రా, నిజంగానే?"

"నాకు ఓడకే రాయండమ్మా," అని మళ్ళీ అన్నాడు రేడియో. ఎర్రసిరా వైపు చూడలేదు.

ఆ నిమిషంలో ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. ఎందుకురా అని, పక్కకి తీసుకెళ్ళి, నవ్వకుండా. ఎర్రసిరాకి ఒళ్ళు మండింది. మాట తప్పినవాడు రేడియో అయితే తనెందుకు తగ్గాలి? "అయితే నాకు పడవకి ఒకటి రాయండి," అన్నాడు పౌరుషంగా. ఒకే ప్రయాణానికి పాతికేళ్ళు కలగన్న ఇద్దరు మనుషులు రెండు టికెట్లు రెండు జేబుల్లో పెట్టుకుని, వీధి చివర చెరో దారి పట్టారు.

తొమ్మిది రోజులు మాటల్లేవు. ఎర్రసిరా భార్య పోరు పెట్టింది. "ఆయనకి ఏదో ఇబ్బంది ఉండుంటుందండీ. వెళ్ళి అడగండి."

"ఇబ్బందేం లేదు. మెత్తటి పరుపు మరిగాడు."

"పరుపు మరిగే మనిషా ఆయన? మెట్ల కింద గదిలో ఇరవై ఎనిమిదేళ్ళు చెక్కకుర్చీ మీద కూర్చున్నాడు."

"నువ్వు వాడి వకాలతు పుచ్చుకోకు," అని ఎర్రసిరా పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

పదోరోజు రేడియో చీటీ పంపాడు. తన ఓడ కూడా అదే పొద్దున బయలుదేరుతుందనీ, తను ముందు చేరి చివరి రేవు దగ్గర లాడ్జిలో మూడు రోజులు ఆగుతాననీ, అక్కణ్ణుంచి ఇద్దరూ కలిసి రైల్లో తిరిగొద్దామనీ రాశాడు. తగ్గింది మళ్ళీ రేడియోనే. ఎర్రసిరా "సరే" అని ఒక్క ముక్క రాసి పంపాడు.

బయలుదేరిన రోజు పొద్దున ఓడ కూత వేసింది. రెండో అంతస్తు కటకటాల దగ్గర రేడియో నిలబడి ఉన్నాడు. కింద పడవలో ఎర్రసిరాని వెతికి పట్టుకుని చేతిరుమాలు ఊపాడు. ఎర్రసిరా చూశాడు. చూసి కూడా వంగి, ముడి ఊడని సంచికి మళ్ళీ ముడి వెయ్యడం మొదలుపెట్టాడు. తలెత్తేసరికి ఓడ వెనకభాగం మాత్రమే కనిపించింది. అది లేపిన అలలకి పడవ అటూ ఇటూ ఊగింది.

కాసేపటికి పడవ నడిపే సరంగు, అతని తమ్ముడు కలిసి తెరచాప ఎత్తారు. అది మొదట గంజిపెట్టిన దుప్పటి దులిపినట్టు పటపటా కొట్టుకుంది. తాళ్ళు కిర్రుమన్నాయి. తర్వాత గాలి నిండి చాప పొంగింది, అంతే, చప్పుళ్ళన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఒడ్డు మీది ఇళ్ళు వాటంతటవే వెనక్కి జరగడం మొదలైంది. పుస్తకంలో పెద్దాయన ఉన్నదున్నట్టే రాశాడు. ఎర్రసిరా ఒళ్ళు ఝల్లుమంది. "ఒరేయ్!" అని పక్కకి తిరిగాడు. పక్కన తన సంచీ ఉంది.

ఆ ప్రయాణంలో అతను అలా ఎన్నిసార్లు పక్కకి తిరిగాడో లెక్కలేదు. మూడోరోజు పొగమంచులోంచి ఒక పశువుల మంద ఈదుకుంటూ పడవ ముందు నుంచి దాటింది. నీళ్ళ మీద కొమ్ములూ ముక్కులూ తప్ప ఇంకేమీ లేవు. అయిదోరోజు ఉపనది వచ్చి కలిసే చోట నీళ్ళు రెండు రంగులుగా, గీత గీసినట్టు, చాలాదూరం పక్కపక్కనే నడిచాయి. సరంగు బొంగురు గొంతుతో పాడాడు. పాతికేళ్ళ కిందట టీ తాగుతూ తేల్చుకున్న ప్రకారం అతన్ని ఆపమనాలి. ఆపమనడానికి రెండో ఓటు లేదు. పడవలో ఉన్న డ్రాయింగు మాస్టారూ ఆయన భార్యా మంచివాళ్ళే, చూపించినప్పుడల్లా "అవునండీ, బాగుంది" అనేవాళ్ళు. ఎర్రసిరాకి కావలసింది అది కాదు. ఎక్కడుందిరా బాగు, నువ్వు కళ్ళద్దాలు తుడుచుకుని చూడు అని పేచీ పెట్టే మనిషి కావాలి.

ఆరోరోజు గాలి పడిపోయింది. తెరచాప ఆరేసిన బట్టలా వేలాడింది. సరంగూ తమ్ముడూ గెడలేసి పడవని ఒక ఇసుకదిబ్బ చాటుకి చేర్చి లంగరు వేశారు.

"ఎప్పుడు కదులుతామయ్యా?" అన్నాడు ఎర్రసిరా.

"గాలిని బతిమాలలేం కదా బాబూ. అదొస్తే మనం వెళ్తాం."

"అవతల నాకోసం ఒకాయన కాచుక్కూర్చుని ఉన్నాడు."

"గాలికి ఆ సంగతి తెలీదు కదండీ," అన్నాడు సరంగు నవ్వుతూ.

అక్కడే రెండు రోజులు ఉండిపోయారు. మొదటిరోజు ఎర్రసిరా మనసులో ఒక నీచపు ఆలోచన వచ్చింది: పోన్లే, కాసేపు ఎదురుచూడనీ, మెత్తటి గదిలోనే కదా ఉన్నాడు. తర్వాత ఎన్నో ఏళ్ళు ఆ ఆలోచన అతన్ని గుచ్చింది. అప్పట్లో ఇంకా అందరి జేబుల్లో ఫోన్లు లేవు. ఆ ఇసుకదిబ్బ మీద నుంచి ఎవరికీ ఏ కబురూ వెళ్ళే దారి లేదు. గాలి వచ్చింది కానీ ఎదురుగాలి వచ్చింది. పడవ నదికి అడ్డంగా అటొకసారి ఇటొకసారి కోసుకుంటూ నత్తనడక నడిచింది. ఏడు రోజుల ప్రయాణానికి పదకొండు రోజులు పట్టింది.

చివరి రేవులో దిగి సంచి భుజాన వేసుకుని ఎర్రసిరా లాడ్జికి దాదాపు పరిగెత్తాడు. ఆలస్యానికి వాడు ఏమంటాడో, తను దానికి ఏం జవాబు చెప్పాలో పడవలోనే తయారుచేసుకున్నాడు. లాడ్జి మేనేజరు కళ్ళజోడు పైకి తోసి అతన్ని ఎగాదిగా చూశాడు.

"తెరచాప పడవాయన మీరేనా? మీ స్నేహితుడు నిన్న పొద్దున వెళ్ళిపోయారండీ."

"వెళ్ళిపోయాడా? కోపంతోనా?"

"కోపమా? అబ్బే! మూడు రోజులకని దిగి ఆరు రోజులున్నారు. ఇక్కడ నుంచి రేవుకి ఎంత దూరమండీ, అయిదు నిమిషాలు. అంత దూరానికి దారిలో రెండుచోట్ల కూర్చునేవారు. అయినా పొద్దునా సాయంత్రం వెళ్ళి తెరచాప కనిపిస్తుందేమో చూసొచ్చేవారు. మొన్న మధ్యాహ్నం నొప్పితో మెలికలు తిరిగిపోయారు. డాక్టరుకి చూపించాం. ఆయన గొట్టం వేసి, వెంటనే మీ ఊరు వెళ్ళి పెద్దాసుపత్రిలో చేరమన్నాడు. మావాణ్ణి తోడిచ్చి రైలెక్కించాను." సొరుగులోంచి ఒక మడత కాగితం తీశాడు. "మీకిమ్మన్నారు."

అందులో రేడియో చేతిరాత ఉంది, ఎప్పటిలాగే గుండ్రంగా. "గాలి పడిపోయినట్టుంది. రేవులో అందరూ అదే అంటున్నారు. నాకు కొంచెం నలతగా ఉంది, ముందు వెళ్తున్నాను. కంగారు పడకు. నువ్వు చూసిందంతా వచ్చి చెప్పు. ఏదీ వదలకు."

ఎర్రసిరా ఆ రోజు రైల్లోనే తిరుగుముఖం పట్టాడు. మర్నాడు పొద్దున సంచి కూడా దించకుండా రేడియో ఇంటికి వెళ్ళాడు. రేడియో ఆసుపత్రి నుంచి గొట్టంతోనే ఇంటికొచ్చి లోపల పడుకుని ఉన్నాడు. పరీక్షల కాగితాలు రావాలట, అవొచ్చాక ఆపరేషనట. అతని భార్య ఎర్రసిరాని వంటింటి గడప దగ్గరే ఆపింది.

"నిద్రపట్టింది అన్నయ్యగారూ, కాసేపు కూర్చోండి."

"ఏమైందమ్మా వాడికి?"

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది, తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకుంది. "ఏడాదిన్నర నుంచీ ఉందండీ. ప్రోస్టేటంట. అరగంటకోసారి బాత్రూమ్‌కి వెళ్ళకపోతే ఉండలేరు. బయటికెళ్ళాలంటేనే భయం. ఒకసారి బస్సులో..." అని ఆగింది. "ఆ తర్వాత బస్సెక్కడం మానేశారు. అందుకే ఆ ఓడ కావాలన్నారు. గదిలోనే ఉంటుంది కదా అని."

ఎర్రసిరాకి తల కొట్టేసినట్టయింది. ప్రెస్సులో చివరి ఏడాది రేడియో మాటిమాటికీ లేచి వెళ్ళడం, తను వెనక నుంచి "బ్యాటరీ అయిపోయిందా రేడియోకి?" అని అరవడం, కంపోజింగు వాళ్ళంతా నవ్వడం గుర్తొచ్చింది.

"నాకు చెప్పొచ్చు కదమ్మా. నాతో కూడా సిగ్గేనా?"

"చెప్పమని నేను చెవిన ఇల్లు కట్టుకుని పోరాను అన్నయ్యగారూ. మీ స్నేహితుడే కదా అన్నాను. 'వాడు నవ్వుతాడే' అన్నారు."

ఆమె తప్పుపట్టినట్టు అనలేదు. ఉన్న మాట ఉన్నట్టు చెప్పింది, అంతే. ఎర్రసిరా గడప మీదే కూర్చున్నాడు. చెప్పకముందే నవ్వాడు కదా తను, ఆఫీసు నిండా జనం ముందు.

లోపల నుంచి దగ్గు వినిపించింది. రేడియో లేచాడు. గడ్డం పెరిగి, మొహం చిన్నదైపోయింది. ఎర్రసిరాని చూడగానే కళ్ళు మెరిశాయి. తలగడ గోడకి ఆనించుకుని, రాతప్రతి అందుకోబోయే ముందు సర్దుకున్నట్టు సర్దుకుని కూర్చున్నాడు.

"వచ్చావా! చెప్పు. ఎలా ఉంది పడవ?"

"ముందు నీ ఒంట్లో ఎలా ఉందో చెప్పరా. నేను ఆ రోజు ఆఫీసులో..."

"అదంతా ఎందుకులే. పడవ సంగతి చెప్పు. గాలి నిండితే నిజంగానే చప్పుడు ఆగిపోతుందా?"

ఈ మనిషి ఆరు రోజులు నొప్పితో రేవు చుట్టూ తిరుగుతుంటే తను పైన ఆకాశం చూస్తూ వెల్లకిలా పడుకున్నాడు. బాగుంది అని ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? చెప్తే పుండు మీద కారం చల్లినట్టు కాదూ?

"ఏముందిరా, దోమలు," అన్నాడు. "నడుం పట్టేసింది. ఆ పుస్తకం పెద్దాయన ఊరికే కోతలు కోశాడు. ఓడే నయం. నువ్వే తెలివైనవాడివి."

రేడియో అతని మొహంలోకి చూశాడు.

"అంతేనా?" అన్నాడు.

"అంతే."

"సరేలే," అని రేడియో తలగడ కిందకి లాక్కుని పడుకున్నాడు.

ఎర్రసిరా సగం దారి వచ్చాక గానీ తను చేసిందేమిటో అతనికి తట్టలేదు. ఏదీ వదలకుండా చెప్పమని రాసిన మనిషి అతను. కుళ్ళుకోవడానికి అడగలేదు, చూడడానికి అడిగాడు. కటకటాల వెనక నుంచి, ఇంజను చప్పుడులో, తనకి అందని తెరచాపని స్నేహితుడి నోటి నుంచి విని చూద్దామనుకున్నాడు. తను దయ అనుకుని అది కూడా లాగేసుకున్నాడు. రోడ్డు మధ్యలో ఆగి వెనక్కి తిరిగాడు. ఇప్పుడే వెళ్ళి ఇందాక చెప్పింది అబద్ధం అంటే బాగుండదని, రేపు చెప్దాంలే అని మళ్ళీ ఇంటివైపు నడిచాడు.

రేపటికి పరీక్షల కాగితాలొచ్చాయి. అందులో ప్రోస్టేటు కంటే పెద్ద మాట ఉంది. ఆ తర్వాత ఎప్పుడు వెళ్ళినా గదిలో ఎవరో ఒకరు ఉండేవారు: బావమరిది, నర్సు, చూడ్డానికొచ్చిన ప్రెస్సు జనం. ఒక మధ్యాహ్నం ఇద్దరే మిగిలారు. ఎర్రసిరా కుర్చీ దగ్గరికి జరిపి, "ఒరేయ్, ఆ రెండు రంగుల నీళ్ళు ఉన్నాయి చూడు," అని మొదలుపెట్టాడు. రేడియో కళ్ళు మూసుకునే ఉన్నాయి. మందు మత్తు. అయినా ఎర్రసిరా ఇంకో రెండు మాటలు చెప్పాడు. తర్వాత వినని మనిషికి చెప్తున్నానని తెలిసి మానేశాడు. నాలుగు నెలలు తిరక్కుండానే రేడియో పోయాడు.

ఎర్రసిరా మళ్ళీ ఏ పడవా ఎక్కలేదు. రేడియో భార్యని నెలకోసారి చూసొచ్చేవాడు. ఆమె టీ ఇచ్చేది, "మీరంటే ఆయనకి ప్రాణం అన్నయ్యగారూ" అనేది. ఆ మాట విన్నప్పుడల్లా అతను టీ సగంలో వదిలేసి లేచేవాడు.

ఏళ్ళు గడిచాయి. ఈ మధ్య పక్కవాటాలోకి కొత్త దంపతులు దిగారు. ఒక ఆదివారం సాయంత్రం ఇద్దరూ వచ్చి వరండాలో కూర్చున్నారు. కుర్రాడి చేతిలో ఫోను, ఫోనులో రెండు బొమ్మలు.

"అంకుల్, మీరు నదిలో వెళ్ళారట కదా. ఓడ బాగుంటుందా, ఈ తెరచాప పడవా?"

ఎర్రసిరా పొడిగా రెండు ముక్కలు చెప్పి పంపేద్దామనుకున్నాడు. "పడవలో మొదట చాప పటపటా కొట్టుకుంటుంది," అన్నాడు. అక్కణ్ణుంచి ఆగలేదు. గాలి నిండడం చెప్పాడు, పొగమంచులో కొమ్ములు చెప్పాడు, రెండు రంగుల నీళ్ళూ సరంగు బొంగురు పాటా ఇసుకదిబ్బా అన్నీ చెప్పాడు. మధ్యలో రెండుసార్లు "ఒరేయ్" అనబోయి నాలిక కరుచుకున్నాడు. అమ్మాయి మర్యాదగా తల ఊపుతోంది. కుర్రాడు మొదట్లో విన్నాడు, తర్వాత ఒక కన్ను ఫోను మీద వేశాడు.

"బాగుందంకుల్," అన్నాడు లేస్తూ. "కానీ మాకు మూడు రోజులే సెలవు. ఓడకే బుక్ చేస్తాం."

"చేసుకోండి బాబూ. అది కూడా బాగుంటుంది. మావాడు దాన్లోనే వెళ్ళాడు."

వాళ్ళు వెళ్ళిపోయాక భార్య తలుపు దగ్గర నిలబడి ఉందని చూశాడు. ఎప్పుడొచ్చిందో, చేతిలో గరిటె ఉంది.

"ఇన్నేళ్ళలో ఇందులో ఒక్క ముక్క నాకు చెప్పలేదేమండీ?"

"వాడికి ముందు చెబుదామనుకున్నాను," అన్నాడు ఎర్రసిరా.

ఆమె పొయ్యి మీద కూర మాడుతోందని లోపలికి వెళ్ళింది. అతను వాళ్ళు కూర్చున్న కుర్చీలు రెండూ ఎత్తి గోడవారకి చేర్చాడు.